కథల్లో చచ్చినవాళ్ళకు బియ్యం

1961 అక్టోబరు 8, ఆదివారం, మధ్యాహ్నం. బెల్లంపల్లి. హాజరు: సర్దార్, పంతులు, బొగ్గు ఏరే అత్త, హాలేజీ మనిషి, నేను. గోడ వెంట ఇంకో పదిమందికి పైనే ఉన్నారు. వాళ్ళెవరూ నోరు విప్పలేదు కాబట్టి రాసుకోలేదు. రేపు పెత్రమాస.

ఆనాటి డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. తర్వాతి సంగతి అర్థం కావాలంటే ముందు ఆ గది గురించి, ఆ నలుగురి గురించి చెప్పాలి.

నేను అప్పుడు బొగ్గుబాయి దగ్గర హాజరు గుమాస్తాను. కరీంనగర్‌లో చదువు ముగించి, ఉద్యోగం కోసం గోదావరి దాటి వచ్చాను. కార్మికుల క్వార్టర్ల చివర ఒక రేకుల గది ఉండేది. దాన్ని చదువుల గది అనేవారు. అందులో రెండు బీరువాల పుస్తకాలుండేవి, చదవడం వచ్చినవాళ్ళు మాత్రం ముగ్గురో నలుగురో. అందుకని ఆదివారాలు ఒకరు పైకి చదివేవారు, మిగతావాళ్ళు వినేవారు. ఒకసారి నవల, ఒకసారి చరిత్ర. నేను ఆ గదికి కార్యదర్శిని. అంటే తాళంచెవి నా దగ్గర ఉండేది.

చదివేది పంతులు. చెన్నూరు వైపు మనిషి, ముప్పై ఏళ్ళ లోపువాడు, పెళ్ళి కాలేదు. పగలు కాలనీ బడిలో చిన్నపిల్లలకు ఓనమాలు దిద్దించేవాడు. గొంతు చాలా మంచిది. ఆ గొంతు తప్ప ఆయనలో చెప్పుకోదగ్గది నాకేమీ కనబడలేదు. ఎవరైనా కసిరితే నవ్వేవాడు. ఇంకోసారి కసిరితే ఇంకొంచెం నవ్వేవాడు.

కసిరే పని సర్దార్‌ది. బాయి లోపల ఒక జట్టు కూలీలను నడిపించి, పైకప్పు బాగుందో లేదో చూసి, మందు పేల్చడానికి సరేననే మనిషిని సర్దార్ అంటారు. ఆయన ఇరవై ఏళ్ళకు పైగా ఆ పని చేశాడు. పేలుళ్ళకు ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి సగం పోయిందని ఆయన చెప్పేవాడు. కుడి చెవి సగం పోయిన మాట నేను నమ్మను. తనకు అక్కరలేని మాటే ఆ చెవికి వినబడేది కాదు.

"ఇంటలే, పంతులూ. గట్టిగ సదువు."

ప్రతి ఆదివారం కనీసం పదిసార్లు అనేవాడు. పంతులు గొంతు పెంచేవాడు. "ఇంటలే." ఇంకా పెంచేవాడు. మెడ నరాలు ఉబ్బేదాకా పెంచనిచ్చి, "గంత ఒర్రుడెందుకు, నేనేమన్న చెవిటోన్నా?" అనేవాడు. గది గొల్లుమనేది. పంతులు నవ్వేవాడు.

బాయిలో ఒక పద్ధతి ఉంది. ఎక్కడైనా పైకప్పు కూలితే, మనిషి పోతే, పైకి వచ్చి చెప్పే సర్దార్‌ను మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఎక్కడ నిలబడి చూశావు? ఆ జాగా చెప్పలేనివాడి మాట కాగితం మీదికి ఎక్కదు. విన్నాననేవాడు, అనుకున్నాననేవాడు పక్కకు జరగాలి. సర్దార్ ఈ ప్రశ్నను బాయి నుంచి తెచ్చి పుస్తకాల మీద పెట్టాడు. ఆయనకున్న సాహిత్య విమర్శ అంతా అదే.

ఒక చరిత్ర పుస్తకంలో రాజు అర్ధరాత్రి రాణి చెవిలో ఏదో రహస్యం చెబుతాడు. "గిది రాసినోడు ఏడున్నడు?" అన్నాడు సర్దార్. "మంచం కింద పండుకున్నడా?" హాలేజీ మనిషి పడీ పడీ నవ్వాడు. అతను మహారాష్ట్ర సరిహద్దు వైపు నుంచి వచ్చినవాడు, బొగ్గు టబ్బులు లాగే ఇనుప తాడు దగ్గర పని. "అరే బాబా, రాణి సుత గదే అడుగుతుండొచ్చు," అన్నాడు.

ఇంకో నవలలో ఒక విధవరాలు తలుపు గడియ పెట్టుకుని ఒంటరిగా మూడు పేజీలు ఆలోచిస్తుంది. "గడియ వెట్టుకున్నంక గీనికెట్ల తెలిసింది? రేకు తీసి సూసిండా? సిగ్గులేని ముండకొడుకు." ఆ నవల అక్కడితో ఆగిపోయింది. దాన్ని రాసినాయన చాలా పేరున్నవాడని పంతులు చెప్పబోయాడు. "పేరుంటే? పేరున్నోడు పోయి ఆడోళ్ళ అర్రలల్ల దూరాల్నా?"

మరొక దాంట్లో జమీందారు కొడుకు క్షయతో నాలుగు ఆదివారాలు దగ్గాడు. అయిదో ఆదివారం చచ్చాడు. బొగ్గు ఏరే అత్త కళ్ళు తుడుచుకుంది. సర్దార్ ఆమె వైపు తిరిగి, "నీ మొగడు పోయిననాడు గింత ఏడ్వలేదు గదనే," అన్నాడు. ఆమె భర్త మూడేళ్ళ కింద బాయిలో పోయాడు. ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. అయినా ఎవరూ ఏమీ అనలేదు. సర్దార్ లేని ఆదివారం వినడానికి ఎవరూ వచ్చేవారు కారు. ఇది కూడా నేను గమనించి రాసుకున్నాను.

ఇక బియ్యం సంగతి.

పెత్రమాస, అంటే పితృ అమావాస్య నాడు మా వైపు ప్రతి ఇంట్లో చచ్చిపోయిన పెద్దల పేరు చెప్పి అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తారు. బియ్యం ఇచ్చేవాడు లేని ప్రాణం ఆకలితో తిరుగుతుందని నమ్మకం. ఒక ఏడు చదువుల గదిలో ఎవరో అడిగారు: పుస్తకాల్లో ఇంతమంది చచ్చారు కదా, వీళ్ళకెవరిస్తున్నారు అని. నవలలోని మనిషి కల్పితమని పంతులు చెప్పిచూశాడు. వాళ్ళకు ఆ తేడా పట్టలేదు. రాజు ఉన్నాడంటే నమ్మాలి, ఈ విధవరాలు ఉన్నదంటే నమ్మకూడదా? రెండూ అచ్చులోనే ఉన్నాయి. ఆ ఏటి నుంచి పెత్రమాస పొద్దున గది అరుగు మీద, ఆ సంవత్సరం పుస్తకాల్లో చచ్చినవాళ్ళకు బియ్యం ఇవ్వడం ఆనవాయితీ అయింది. ధర్మపురి నుంచి వచ్చి మా ఊళ్ళో స్థిరపడిన అయ్యగారు మొదటి ఏడు అభ్యంతరం పెట్టాడు. "కథలోవాళ్ళకు గోత్రమేమిటయ్యా?"

"బొగ్గు గోత్రం అను," అన్నాడు సర్దార్. "ఈడ సచ్చినోళ్ళందరిది గదే."

అయితే చచ్చిన ప్రతివాడికీ బియ్యం దక్కేది కాదు. పెత్రమాసకు ముందటి ఆదివారం సర్దార్ తేల్చేవాడు. పంతులు పేర్లు చదివేవాడు, ఆయన ఉన్నదనో లేదనో అనేవాడు. జమీందారు కొడుక్కు లేదు. రాణి చెవిలో గుసగుసలాడిన రాజుకు లేదు. ఒక కోట చరిత్రలో రాళ్ళబండి లాగుతూ వాలు మీద కూలిపోయిన ఏనుగుకు ఉంది. ఎందుకంటే ఆ పుస్తకం రాసినాయన, ఈ సంగతి తాను చూడలేదనీ, ఆ వాలు పక్కన గుడిసె వేసుకున్న ముసలివాడు చెబితే విన్నాననీ ఒప్పుకున్నాడు. "గిది మాట. ఎవడు సూసిండో చెప్పిండు," అన్నాడు సర్దార్. "ఏనుగుకు రెండు దోసిళ్ళు."

ఆ ఏడు ఆఖరి నాలుగు ఆదివారాలు పంతులు ఒక కొత్త నవల చదివాడు. మొదటిరోజే నాకు అనుమానం వచ్చింది. అట్ట పాత చరిత్ర పుస్తకానిది. లోపలి కాగితాలు చేత్తో రాసినవి. చదవడం అయ్యాక, తాళం వేస్తూ అడిగాను. ఆయన నవ్వలేదు. అందుకని నిజమే చెబుతాడనుకున్నాను.

"నేనే రాసిన, బాబుగారూ. గది మా అక్క."

పోలీసు చర్య జరిగిన ఏడాది వాళ్ళక్క పడవ నడిపేవాడి వెంట వెళ్ళిపోయింది. వేరే కులం. ఎంతో దూరం కూడా పోలేదు, గోదావరి అవతలి ఒడ్డుకు. ఇవతల ఆదిలాబాదు జిల్లా, అవతల కరీంనగర్ జిల్లా. వాళ్ళ బాపు గుండు గీయించుకుని, బిడ్డ బతికి ఉండగానే ఆమె పేరున బియ్యం ఇచ్చేశాడు. కొన్నేళ్ళకు బాపు పోయాడు. ఆ తర్వాత ఆమె నిజంగానే పోయింది. ఇంటి బియ్యం ఇప్పుడు పెద్దన్న ఇస్తాడు. ఆ పేరు ఎత్తడు. ఒకసారి ఇచ్చినదానికి మళ్ళీ ఏమిటంటాడు.

"మీరైనా ఇచ్చుకోవచ్చు కదా," అన్నాను.

"పెద్దన్న ఉండంగ నేనెట్లిస్త? ఇంట్లకు రానియ్యడు." గది వైపు చూసి, "ఈడ పుస్తకాలల్లోళ్ళకు ఇస్తుండ్రు గద. గాళ్ళల్ల కలిస్తే ఆమెకు సుత దొరుకుతది. అదొక్కటే నాకు గావాలె. ఎవలకు చెప్పకుండ్రి," అన్నాడు.

నేను ఎవరికీ చెప్పలేదు. ఆయన వ్యవహారం ఆయనది.

ఆ నాలుగు ఆదివారాలూ సర్దార్ ఒక్కసారి కూడా "ఇంటలే" అనలేదు. అత్త కొంగు నోట్లో పెట్టుకుని ఏడ్చింది. హాలేజీ మనిషి బీడీ వెలిగించడం మర్చిపోయాడు. బాపు గుండు గీయించుకునే చోట, ఆ పిల్లను కన్న అవ్వ పెరట్లోకి పోయి ఖాళీ కుండను ఊరికే తోముతూ కూర్చునే చోట గదిలో చీమ చిటుక్కుమనలేదు. పంతులు మొహం వెలిగిపోయింది. అలా వెలగడం నాకు నచ్చలేదు. సర్దార్ మౌనంగా ఉన్నాడంటే బాయిలో పైకప్పును వింటున్నప్పటిలా వింటున్నాడని నాకు తెలుసు.

ఇక 8వ తేదీ ఆదివారం. పుస్తకం అంతకుముందు వారమే ముగిసింది. పంతులు పేర్లు చదువుతూ వచ్చాడు. సర్దార్ ఉన్నదీ లేదూ అంటూ వచ్చాడు. చివరి పేరు ఆ నవలలోని పడవవాడి భార్య.

"లేదు," అన్నాడు సర్దార్.

అత్త ముందు లేచింది. "గదేంది మామా! గామెకు లేకుంటె ఇంకెవలకున్నట్టు? నేనిస్త ఒక దోసెడు."

"నువ్వు నీ మొగనికియ్యి ముందుగాల. నిరుడు ఇయ్యాల రేపనుకుంట మర్చిపోయినవ్."

ఆమె కూర్చుంది.

పంతులు నవ్వడానికి ప్రయత్నించాడు. "ఎందుకు లేదు, సర్దార్ సాబ్? మీకు నచ్చింది గద."

"నచ్చింది. ఎవడు గాదన్నడు? గని గిది రాసినోడు ఏడ నిలబడ్డడో నాకు ఎరికైంది." సర్దార్ కాళ్ళు చాపుకున్నాడు. "ఇవతలి ఒడ్డు మీద ఇల్లున్నది. గా ఇంట్ల పొయ్యి ఏ దిక్కున్నది చెప్పిండు. బాపు గుండు మీద గాటు ఎన్ని దినాలకు మానింది చెప్పిండు. అవ్వ తోమిన కుండకు సొట్ట ఏడున్నది చెప్పిండు. పిల్ల అవతలికి వొయినంక? రేవు కాడ పొద్దుగూకంగ ఎర్రగ ఏదో కనవడ్డది. గంతే. చీరనా, పేలికనా, అది సుత పక్కా లేదు. ఏం వండింది? తెల్వదు. పిల్లలా జెల్లలా? తెల్వదు. ఆమె మొగం మళ్ళ ఒక్కసారి సుత లేదు పుస్తకంల. నాలుగేండ్లు గా ఎర్రది కనవడుడే."

పంతులు పుస్తకం అట్టను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"గిది రాసినోడు ఇవతలి ఒడ్డునే నిలబడ్డడు. దినాం వచ్చి నిలబడ్డడు. ఒక్కనాడు సుత దాటలే. ఎండకాలం అక్కడ నీళ్ళు మోకాలుబంటి ఉంటయి, మ్యాకలు దాటుతయి. వీడు దాటలే. ఆమె సచ్చిందని రాసిండు. సచ్చుడు సూసిండా? ఎర్రది కనవడలేదని రాసిండు. ఎర్రది కనవడకుంటె సచ్చినట్టా? సావు సూసినోడు లేనిది బియ్యమెట్లిస్తం? బాయిల ఒప్పుకుంటరా?"

"సచ్చింది," అన్నాడు పంతులు.

"నీకెట్ల తెలుసు?"

"తెలుసు."

"ఏడ నిలబడి సూసినవ్?"

ఈ ప్రశ్న ఆ గదిలో కొన్ని వందలసార్లు విని ఉంటాం. పుస్తకాన్ని కాక మనిషిని అడగడం అదే మొదలు. పంతులు చేతిలోని కాగితాలు అట్టలోంచి జారి నేలమీద పడ్డాయి. చేతిరాత అందరికీ కనబడింది. చదువు రానివాళ్ళకు కూడా అచ్చుకూ చేతిరాతకూ తేడా తెలుస్తుంది.

"గది మా అక్క," అన్నాడు.

హాలేజీ మనిషి, "అరే దేవా," అన్నాడు మెల్లగా.

నేను సర్దార్ మొహం చూశాను. కొంచెం మెత్తబడతాడేమోనని ఎవరైనా అనుకుని ఉంటే వాళ్ళు ఆయన్ను అన్నేళ్ళూ విననట్టే లెక్క.

"పుస్తకంల ఇద్దరన్నలున్నరు, బాపున్నడు, అవ్వ ఉన్నది," అన్నాడు సర్దార్. "తమ్ముడు లేడు."

పంతులు కింద పడ్డ కాగితాల వైపు చూశాడు.

"అందరిని రాసినవ్. బాపును రాసినవ్, గుండు సుత రాసినవ్. పెద్దన్న ఎట్ల తిట్టిండో రాసినవ్. నిన్ను తీసేసినవ్. ఒడ్డు మీద నిలబడ్డోన్ని ఒక్కన్నే తీసేసినవ్. ఎందుకు?"

"నాకు పదిహేనేండ్లుండె అప్పుడు."

"తర్వాత పదారు రాలేదా? పదిహేడు?"

"బాపు కొడతడని..."

"బాపు సచ్చినంక?"

ఇక్కడ అత్త, "ఇడిసిపెట్టు మామా, నీ కాళ్ళు మొక్కుత," అంది. ఆయన వినలేదు. అది ఎడమ చెవి వైపు అయి ఉండాలి.

"ఆమె రేవు కాడ దినాం ఎందుకు నిలబడ్డది, పంతులూ? పుస్తకంల రాయలే నువ్వు. పుట్టింటి మీద పానం గుంజిందని రాసినవ్. పుట్టిల్లు రేవు కాడికి కనవడదు గద. కనవడేది నువ్వు. ఇవతల తమ్ముడు వచ్చి నిలబడుతుండు, ఇయ్యాల దాటుతడు, రేపు దాటుతడని నిలబడ్డది. నీకోసం నిలబడి నిలబడి సచ్చింది. గిప్పుడు మా తోని ఏడిపిచ్చి, మా దోసిళ్ళ బియ్యం గుంజి, మందిల కలిపి సాగదోలుదామని వచ్చినవా?"

పంతులు ఏడుస్తున్నాడు. చప్పుడు లేకుండా, నోరు తెరిచి. చూడడానికి బాగాలేదు.

"మేం కథలోళ్ళకిస్తం. ఎందుకు? ఆళ్ళకు ఎవలు లేరు. మీ అక్కకు నువ్వున్నవ్. ఇస్తె ఇయ్యి, లేకుంటె ఆకలికి తిరుగనియ్యి." లేచి కండువా దులుపుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "పుస్తకం మాత్రం మంచిగ రాసినవ్. పీనుగకు పౌడరు రాసినట్టున్నది," అని వెళ్ళిపోయాడు.

మిగతావాళ్ళు ఒకరి వెనక ఒకరు కదిలారు. అత్త కాగితాలు ఏరి, దుమ్ము ఊది, బల్ల మీద పెట్టింది. పంతులు వాటిని అక్కడే వదిలి పోయాడు. నేను వాటిని బీరువాలో పెట్టి తాళం వేశాను. ఏ వరసలో పెట్టాలో కాసేపు తెలియలేదు. చివరికి నవలలతో పెట్టాను.

సర్దార్ చెప్పింది న్యాయమా అని చాలామంది నన్ను తర్వాత అడిగారు. న్యాయమే. ఆయన అందులో సంతోషపడ్డాడు కూడా. రెండూ నేను చూసినవే, బల్ల పక్కన నిలబడి.

మర్నాడు, సోమవారం, పెత్రమాస. పొద్దున్నే ఆడవాళ్ళు బతుకమ్మకు తంగేడు, గునుగు పూల మోపులతో క్వార్టర్ల వెనక నుంచి వస్తున్నారు. గది అరుగు కడిగి ఉంది. అయ్యగారు చాప మీద, రాగి చెంబు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పంతులు రాడని తేల్చుకుని, పేర్లు చదివే పని సర్దార్ నాకు అప్పజెప్పాడు. నేను ఒక్కొక్క పేరు చదివాను. ఎవరో ఒకరు ముందుకు వచ్చి దోసిలి పోశారు. అత్త మొదట తన భర్తకు పోసింది.

ఏనుగు ఒక్కటి మిగిలి ఉండగా పంతులు వచ్చాడు. తలస్నానం చేశాడు. గుండు గీయించుకున్నాడు. అన్న బతికి ఉండగా, తండ్రి పోయిన ఇన్నేళ్ళకు, అలా గీయించుకోవడం తప్పని అయ్యగారి మొహంలో తెలుస్తోంది. కొత్త తువ్వాలులో బియ్యం మూట కట్టుకొచ్చాడు. చెవి వెనక మంగలి కత్తి తెగిన చోట నెత్తురు ఇంకా ఆరలేదు.

"ఎవరి పేరు?" అన్నాడు అయ్యగారు.

పంతులు నోరు తెరిచాడు. నాలుగేళ్ళుగా ఆ రేకుల గదిని నింపిన గొంతు. పెదవులు కదిలాయి. పక్కనున్న నాకే సరిగా వినబడలేదు.

"ఇంటలే, పంతులూ," అన్నాడు సర్దార్ అరుగు కింద నుంచి.

పంతులు మళ్ళీ చెప్పాడు. ఈసారి అయ్యగారికి వినబడింది. ఆయన చెంబు ఎత్తాడు.

"ఇంటలే. గట్టిగ సదువు."

పూల మోపులతో పోతున్న ఆడవాళ్ళు ఆగిపోయారు. పంతులు కళ్ళు మూసుకుని, మెడ నరాలు ఉబ్బేలా, అక్క పేరు అరిచాడు. ఆ పేరు ఇక్కడ రాయను. మొదటి షిఫ్టుకు పోతున్నవాళ్ళు రోడ్డు మీది నుంచి తిరిగి చూశారు. అయ్యగారు నీళ్ళు వదిలాడు. పంతులు మూట విప్పి బియ్యం మొత్తం పోశాడు. కొన్ని గింజలు చాప దాటి అరుగు మీద పడ్డాయి. వాటినీ ఏరి వేశాడు.

సర్దార్ ఏమంటాడోనని అందరూ చూశారు. ఆయన పంతుల్ని చూడలేదు. నా వైపు తిరిగాడు.

"తర్వాత ఎవలు?"

"ఏనుగు," అన్నాను.